ఆ అంకెను ఎందుకు నమ్మాలి?

ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తే చాలు, రెజ్యూమెలు తయారవుతుంటాయి. మెకానికల్, ఈఈఈ, ఈసీఈ... ఏ బ్రాంచి వాళ్లది తీసి చూసినా ఒక లైను దాదాపు ఖాయం: ‘సెన్సర్లు, ఐఓటీపై పరిజ్ఞానం ఉంది’. దాని కింద ఒక ప్రాజెక్టు పేరు. సరే, బాగుంది. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడనుకోండి: ‘మీ సెన్సర్ 650 డిగ్రీలు చూపించింది కదా, అది నిజంగా 650 అని మీరెలా నమ్మారు?’ ఏం చెబుతారు?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలివితక్కువై కాదు. సెన్సర్ అంటే మనకు అలవాటైంది మూడు వైర్లు, ఒక రెడీమేడ్ కోడ్, స్క్రీన్ మీద ఒక అంకె. అంకె వచ్చిందా, ప్రాజెక్టు అయిపోయినట్టే. ఆ అంకె ఎక్కడ పుట్టింది, దారిలో ఎంత మారింది, ఎంతవరకు నిజం అని అడిగేవాళ్లు కాలేజీలో తక్కువ. ఉద్యోగంలో మాత్రం అడిగేది అదే.

అందుకే నా అభిప్రాయం ఇది. పది సెన్సర్ల పేర్లు రాసుకోవడం కంటే ఒక్క సెన్సర్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తెలుసుకోవడం మేలు. ఉదాహరణకు ఒకదాన్ని తీసుకుందాం. సిలబస్‌లో ఉన్నదే, కానీ సిలబస్ చెప్పని చోట నుంచి: అమెరికాలో డీజిల్ ట్రక్కుల ఎగ్జాస్ట్‌కు పెట్టుకునే ఉష్ణోగ్రత గేజ్.

అసలు ఆ గేజ్ ఎందుకు?

అమెరికాలో ట్రక్కు అంటే మన పది చక్రాల లారీయే కానక్కర్లేదు. వెనక తొట్టి ఉన్న పికప్ వాహనాన్నీ వాళ్లు ట్రక్కు అనే అంటారు. డాడ్జ్ రామ్‌లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్, ఫోర్డ్‌లో 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్... ఇలాంటి డీజిల్ ఇంజిన్లున్న పికప్‌లకు వెనక పడవనో, గుర్రాల ట్రైలర్‌నో, ఇల్లులాంటి క్యాంపర్‌నో తగిలించుకుని కొండలెక్కిస్తారు. ఆ పాత బండ్ల డ్యాష్‌బోర్డులో ఇంజిన్ నీళ్ల వేడి చూపించే ముల్లు ఉంటుంది. ఎగ్జాస్ట్ వేడి చూపించేది మాత్రం ఉండదు. అందుకని యజమానులే విడిగా ఒక గేజ్ కొని బిగించుకుంటారు. దాన్ని పైరోమీటర్ అనీ, ఈజీటీ గేజ్ అనీ పిలుస్తారు.

నీళ్ల వేడి తెలుస్తుంటే సరిపోదా? సరిపోదు. రేడియేటర్, నీళ్లు, ఇంజిన్ బ్లాకు, ఇంత బరువు వేడెక్కడానికి సమయం పడుతుంది. కొండ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మండిన వాయువు వేడి కొన్ని సెకన్లలోనే పైకి పోతుంది. నీళ్ల ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు మధ్యలోనే ఉంటుంది. అది కదిలే లోపు పిస్టన్‌కో, టర్బో రెక్కలకో జరగాల్సిన నష్టం జరిగిపోవచ్చు.

ఇక్కడే మీకు మొదటి ఇంటర్వ్యూ పాయింటు దొరుకుతుంది. కొలిచేది ఏదైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఎంత కచ్చితంగా’ అన్నది కాదు, ‘ఎంత త్వరగా’ అన్నది. ఆలస్యంగా వచ్చే నిజం ఇంజిన్‌ను కాపాడదు.

డీజిల్‌లో ఇంకో చిక్కు ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం తగ్గించి గాలి ఎక్కువైతే వేడి పెరుగుతుందని మనం చదువుకుంటాం. డీజిల్‌లో వ్యవహారం తలకిందులు. సంప్రదాయ డీజిల్ ఇంజిన్‌లో గాలికి అడ్డం పెట్టి శక్తిని అదుపు చేయరు. ఎంత డీజిల్ చిమ్మితే అంత శక్తి, అంత వేడి. కాబట్టి ఇంధనం ఎక్కువైనా, టర్బో గొట్టం ఎక్కడో లీకై గాలి తక్కువైనా ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఎక్కువ పవర్ కోసం ఇంధనం పెంచుకున్న ట్రక్కుల వాళ్లకు ఈ గేజ్ మరీ అవసరం కావడానికి కారణం ఇదే. ‘ఐసీ ఇంజిన్లు’ సబ్జెక్టులో రెండు వేర్వేరు పేజీల్లో ఉన్న సంగతి ఒక ముల్లు కదలికలో కనిపిస్తుంది.

రంధ్రం ఎక్కడ వేయాలి?

ప్రోబ్ అంటే పెన్సిల్ కంటే సన్నటి స్టీలు గొట్టం. లోపల రెండు లోహపు తీగలు. దాని కొన వేడి వాయువులో ఉండాలి. టర్బోకు ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ట్రక్కు యజమానుల మధ్య తెగని వాదన ఇది.

టర్బోకు వెనక పెడితే పని సులువు. గొట్టానికి రంధ్రం వేసినా భయం లేదు. ప్రోబ్ కొన విరిగినా సైలెన్సర్ వైపు పోతుందే తప్ప టర్బోలో పడదు. కానీ టర్బైన్‌ను తిప్పడానికి వాయువు తన శక్తి కొంత ఇచ్చేస్తుంది, చల్లబడుతుంది. థర్మోడైనమిక్స్ మొదటి నియమం అంటే ఇదే కదా! బండి మీద బరువు పడినప్పుడు ముందుకూ వెనకకూ తేడా 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటొచ్చు. పైగా అది స్థిరంగా ఉండదు. లోడును బట్టి, టర్బో వేగాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ‘వెనక కొలిచి ఒక 100 కలుపుకుంటే పోలా’ అనడం అందుకే కుదరదు. తేడా ఎప్పుడూ ఒకటే అయితే కలుపుకోవచ్చు. మారే తేడాను ఏ లెక్కతో కలుపుతారు?

టర్బోకు ముందు, అంటే మానిఫోల్డ్‌లోనే పెడితే ఇంజిన్ చూస్తున్న వేడికి దగ్గరగా తెలుస్తుంది. కాకపోతే అక్కడ రంధ్రం వేయడం గుండె దడ పెంచే పని. అసలైన ఇంజినీరింగ్ ఇక్కడ మొదలవుతుంది: సులువైన చోట తప్పు సంగతి కొలవడమా, కష్టమైన చోట సరైన సంగతి కొలవడమా?

ఆ చోటులోనూ తిరకాసు ఉంది. కమిన్స్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో మానిఫోల్డ్ లోపల రెండు అరలుగా ఉంటుంది. ముందు మూడు సిలిండర్లది ఒక దారి, వెనక మూడింటిది ఇంకో దారి. ఒక అరలో ప్రోబ్ పెడితే అది మూడు సిలిండర్ల సంగతే చెబుతుంది. వీ8 ఇంజిన్‌లో ఒక పక్క మానిఫోల్డ్‌కు పెడితే ఆ పక్క నాలుగింటి సంగతే. రెండో పక్క ఇంజెక్టర్ పాడై డీజిల్ కారుతున్నా గేజ్‌కు తెలియకపోవచ్చు. ‘ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత 650’ అన్న మాటలో ఇంత దాగి ఉంది. ఏ సిలిండర్లది? ఎక్కడిది? ఎంతసేపటిది?

ఇనుప రజను భయం

మానిఫోల్డ్ పోత ఇనుముతో చేసింది. డ్రిల్ పెడితే రజను రాలుతుంది. కొంత బయటికి, కొంత లోపలికి. లోపల పడినది ఇంజిన్ స్టార్ట్ చేయగానే వాయువుతో కొట్టుకుపోయి నేరుగా టర్బైన్ రెక్కల మీద పడుతుంది. ఆ చక్రం లోడు మీద నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు. చిన్న ముక్క తగిలినా ప్రమాదమే.

దీనికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, మానిఫోల్డ్‌నే ఊడదీసి బయట పెట్టి రంధ్రం వేయడం. అన్నిటికంటే భద్రం. కానీ గంటల పని, కొత్త గాస్కెట్లు కావాలి, పాత బోల్టు విరిగితే ఇంకో తలనొప్పి. రెండు, డ్రిల్ బిట్‌కూ ట్యాప్‌కూ గ్రీజు దట్టంగా పూసి, కొద్దికొద్దిగా తొలుస్తూ, ప్రతిసారీ బయటికి తీసి తుడుస్తూ, చివర్లో అయస్కాంతంతో లోపల వెతకడం. పోత ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టే ఈ పద్ధతి పనిచేస్తుంది. మూడు, బిట్ అవతలికి పొడుచుకుపోయే చివరి క్షణంలో ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపడం. లోపలి పీడనం రజనును బయటికి ఊదేస్తుందని లెక్క. కొందరు దీనికి ఓటేస్తారు, కొందరు దండం పెడతారు. వేడి వాయువు, ఎగిరే రజను, కాలిపోయే మానిఫోల్డ్ పక్కన చేయి పెట్టాలి మరి!

ఏది సరైనది? నన్నడిగితే మొదటిదే. పైసా లెక్క వేసే యజమాని రెండోది అంటాడు. ముఖ్యమైంది అది కాదు. మూడింటికీ ఖర్చు, సమయం, ప్రమాదం రాసుకుని, ఇందుకని ఇది ఎంచుకున్నాను అని చెప్పగలగడం ముఖ్యం. ‘మీ ప్రాజెక్టులో మీరు తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి’ అని అడిగితే నీళ్లు నమలకుండా ఉండాలంటే ఇలాంటి నిర్ణయం ఒకటైనా మీ చేతుల మీదుగా జరగాలి.

మర కూడా ఒక పాఠమే

రంధ్రం వేశాక మర కొయ్యాలి. అక్కడ వాడే కొలత ఎనిమిదో వంతు అంగుళం ఎన్‌పీటీ. పేరు చూసి ఎనిమిదో వంతు అంగుళం బిట్ తీసుకుంటే పని చెడుతుంది. అది పైపు కొలత. అసలు వేయాల్సిన రంధ్రం దాదాపు 11/32 అంగుళాలు, అంటే 8.7 మిల్లీమీటర్లు. అంగుళానికి 27 చుట్లు. పైగా ఈ మర నిటారుగా ఉండదు, పొడవులో ప్రతి 16 పాళ్లకు ఒక పాలు వంతున సన్నబడుతుంది. బిగించేకొద్దీ బిర్రుగా పట్టుకుని వాయువు లీకవకుండా ఆపేది ఆ వాలే. అందుకే ట్యాప్‌ను చివరిదాకా దింపేయకూడదు. దింపితే రంధ్రం పెద్దదై ఫిట్టింగు లోపలికి జారిపోతుంది, బిగువు ఉండదు.

లీకు ఆగాలని కుళాయిలకు చుట్టే తెల్ల టేపు చుడదామంటారా? అది టెఫ్లాన్. 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. ఇక్కడ వేడి దానికి రెట్టింపు పైమాటే. వాడాల్సింది నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు. రేపు ప్రోబ్ మార్చాల్సి వస్తే మర పట్టేయకుండా ఊడి రావాలి కదా! ఇక ప్రోబ్ కొన వాయువు ప్రవాహం మధ్యలో ఉండాలి, గోడకు తగలకూడదు. తగిలితే వాయువు వేడి కాదు, ఇనుము వేడి కొలుస్తాం.

‘మెటీరియల్స్’, ‘మాన్యుఫ్యాక్చరింగ్’, ‘హీట్ ట్రాన్స్‌ఫర్’... మూడు సబ్జెక్టులు ఒక చిటికెన వేలంత ముక్కలో ఉన్నాయి.

ఎరుపు అంటే మైనస్!

ఇప్పుడు వైర్లు. ప్రోబ్ లోపల ఉన్నది కె టైప్ థర్మోకపుల్. ఒక తీగ క్రోమెల్, అంటే నికెల్ క్రోమియం మిశ్రమం. రెండోది అల్యూమెల్, నికెల్‌లో కొద్దిగా అల్యూమినియం తదితరాలు కలిపింది. రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపి ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉంచితే వోల్టేజి పుడుతుందన్న సంగతి 1821లో జర్మన్ శాస్త్రవేత్త థామస్ సీబెక్ ప్రయోగాలతో బయటపడింది. కె టైప్‌లో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. ఇంత చిన్న వోల్టేజితో ఆటలాడుతున్నామన్నమాట.

సీబెక్ ఎఫెక్ట్ నిర్వచనం అందరికీ వచ్చు. ఇప్పుడు ఈ ప్రశ్న చూడండి. ఇంజిన్ దగ్గర ప్రోబ్ తీగ అయిపోయింది, క్యాబిన్‌లోని గేజ్ దాకా రెండు మీటర్ల వైరు కావాలి. ఇంట్లో ఉన్న మామూలు రాగి వైరు కలిపితే ఏమవుతుంది?

‘పనిచేయదు’ అనేది తప్పు జవాబు. పనిచేస్తుంది. అదే ప్రమాదం! వైరు కలిపిన చోట ఇంజిన్ పక్కన 80 డిగ్రీలు ఉందనుకోండి, గేజ్ ఉన్న క్యాబిన్‌లో 30 డిగ్రీలు. థర్మోకపుల్ చల్లని కొస ఇప్పుడు 80 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. గేజ్ మాత్రం తన దగ్గరి 30నే కలుపుకుంటుంది. ఫలితం, దాదాపు 50 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అసలు వేడి 720 ఉంటే గేజ్ 670 అంటుంది. డ్రైవర్ నిశ్చింతగా తొక్కుతూనే ఉంటాడు. అందుకే అదే జాతి లోహాలతో చేసిన కె టైప్ ఎక్స్‌టెన్షన్ వైరే వాడాలి.

రంగుల్లో ఇంకో గమ్మత్తు. అమెరికా ప్రమాణంలో కె టైప్‌కు పసుపు ప్లస్, ఎరుపు మైనస్. చిన్నప్పటి నుంచి ఎరుపంటే ప్లస్ అని అలవాటైన చేతులు ఇక్కడ తడబడతాయి. అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణంలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. ఎక్స్‌టెన్షన్ వైరును తారుమారు చేసి కలిపితే ఏమవుతుంది? పైన చెప్పిన ఉదాహరణలోనే తేడా రెట్టింపై దాదాపు 100 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఎందుకు రెట్టింపో కాగితం మీద వేసి చూడండి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో అర్థమయ్యేది పరీక్ష కోసం బట్టీ పట్టిన పేజీలో దొరకదు.

ఇక ఆ ‘కలుపుకోవడం’ ఏమిటి? దాన్నే కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ అంటారు. కె టైప్ పట్టికలో 700 డిగ్రీలకు 29.129 మిల్లీవోల్టులు, 25 డిగ్రీలకు 1.000. కొన 700 దగ్గర, గేజ్ 25 దగ్గర ఉంటే తీగల్లో నిజంగా వచ్చేది 28.129 మాత్రమే. గేజ్ తన దగ్గరి 25 డిగ్రీలను విడిగా కొలుచుకుని, దానికి సరిపడా 1.000 కలిపి, పట్టికలో 700 అని చదువుతుంది. థర్మోకపుల్ ఉష్ణోగ్రతను కొలవదు, ఉష్ణోగ్రతల తేడాను కొలుస్తుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క వాక్యం మీ సొంత మాటల్లో చెప్పగలిగితే చాలు.

ఇంకో చిన్న లెక్క. 29,129 మైక్రోవోల్టులను 41తో భాగించండి. 710 వస్తుంది, 700 కాదు. ఆ 10 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి? ‘డిగ్రీకి 41’ అన్నది సుమారు లెక్క, సరళరేఖ కాదు. పట్టికలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా.

అంకె వచ్చింది, అర్థమేంటి?

టర్బోకు ముందు కొలిచే పాత డీజిల్ పికప్‌లలో ఎక్కువసేపు 1250 ఫారన్‌హీట్ దాటనివ్వకూడదని అక్కడి వాళ్ల వాడుక. అంటే 677 సెంటీగ్రేడ్. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. స్వచ్ఛమైన అల్యూమినియం 660 దగ్గరే కరుగుతుంది. మరి 677లో పిస్టన్ కరగాలి కదా?

కరగదు. పిస్టన్‌కు కింద నుంచి నూనె, పక్క నుంచి రింగుల ద్వారా సిలిండర్ గోడ వేడిని లాగేస్తుంటాయి. ప్రతి చక్రంలో చల్లటి గాలీ లోపలికి వస్తుంది. వాయువు వేడి వేరు, లోహం వేడి వేరు. కానీ అంత వేడిని చాలాసేపు కొనసాగిస్తే ఆ లాగేసే శక్తి చాలదు. ఐదు సెకన్లు 700 దాటడం వేరు, ఘాటు రోడ్డు మీద ఐదు నిమిషాలు దాటడం వేరు. అంకెకు పక్కన సమయం లేకపోతే అర్థం సగమే.

గేజ్ ఇంజిన్ ఆపేటప్పుడూ పనికొస్తుంది. ఎక్కి వచ్చిన వెంటనే ఆపేస్తే టర్బో బేరింగులో ఆగిపోయిన నూనె ఆ వేడికి మాడి గట్టిపడుతుంది. ముల్లు బాగా కిందికి దిగేదాకా ఐడిల్‌లో ఉంచి ఆపుతారు. ‘రెండు నిమిషాలు ఉంచు’ అనే అలవాటుకు కొలత తోడైందన్నమాట.

మన దగ్గర దీనితో పనేంటి?

పని చాలా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక మన డీజిల్ లారీలు, బస్సుల్లో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత సెన్సర్లు కంపెనీ నుంచే వస్తున్నాయి. మసి పట్టే ఫిల్టర్‌లో మసిని కాల్చడానికి 600 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. అది తగ్గినా, హద్దు మీరినా కంప్యూటర్‌కు తెలియాలి. వీటిలో చాలావాటిలో థర్మోకపుల్ బదులు పీటీ200 అనే ప్లాటినం సెన్సర్ ఉంటుంది. ఇది వోల్టేజి పుట్టించదు, వేడికి దీని నిరోధకత మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు. రెండింటికీ తేడా చెప్పగలిగితే సర్వీసు, డయాగ్నస్టిక్స్ ఉద్యోగాలకు మీరు ఒక మెట్టు పైన ఉన్నట్టే.

శ్రీసిటీలో ఇసుజు డీజిల్ పికప్‌లు చేస్తోంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు చేస్తోంది. సింహాద్రి, రామగుండం ఎన్‌టీపీసీ ప్లాంట్లలో, విశాఖ ఉక్కులో వేడిని కొలవకుండా ఒక్క షిఫ్టు నడవదు. వాహన పరీక్షలకు పుణెలో ఏఆర్ఏఐ, చెన్నై దగ్గర జీఏఆర్‌సీ ఉన్నాయి. టెస్టింగ్, కాలిబ్రేషన్ అనే మాటలు కనిపించే ప్రకటనలను చూడకుండా దాటేయకండి. ‘కోర్’లో ఉద్యోగాల్లేవు అనేవాళ్లలో ఎంతమంది ఈ మాటలతో వెతికారో అడగండి.

ఒక హెచ్చరిక. ఇది చదివి నాన్నగారి బండికి డ్రిల్ పట్టుకెళ్లొద్దు. బీఎస్6 బండి ఎగ్జాస్ట్‌ను కెలకడం ఉద్గారాల వ్యవస్థతో ఆడుకోవడమే, వారంటీ చిక్కులూ వస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహన మార్పులకు హద్దులు పెట్టింది కూడా. మీరు నేర్చుకోవాల్సింది కొలవడం, బండి మార్చడం కాదు.

‘కోడింగ్ వస్తే చాలదా?’

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నిజం చెప్పుకోవాలి. థర్మోకపుల్ తెలిసినంత మాత్రాన ఆప్టిట్యూడ్ రౌండు దాటలేరు. కోడింగ్ టెస్టులో అది మార్కు తెచ్చిపెట్టదు. ఇంట్లో అప్పు ఉండి, ముందుగా ఏ ఆఫర్ వస్తే అది అందుకోవాల్సిన వాళ్లకు ‘కోర్ కోసం ఆగండి’ అని చెప్పే హక్కు నాకు లేదు. సాఫ్ట్‌వేర్‌కే వెళ్లండి, తప్పేం లేదు.

కానీ అక్కడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. డేటా చూసేవాళ్లు ఆ డేటా ఎలా పుట్టిందో అడగకపోతే, రాగి వైరు పెట్టిన గేజ్‌ను నమ్మిన డ్రైవర్‌లాగే ఉంటారు. ప్రోగ్రామ్ శుభ్రంగా నడుస్తుంది, గ్రాఫ్ అందంగా వస్తుంది, అన్నీ 50 డిగ్రీలు తక్కువ! ఎర్రర్ మెసేజ్ రాదు. అనుమానించాల్సింది మనిషే.

ఇంకో మాట, కొంచెం ఘాటుగా. మినీ ప్రాజెక్టు కొనుక్కోవడం మనకు మామూలైపోయింది. డబ్బు ఇస్తే కిట్టు, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతిలో పెడతారు. అందులో దొరకనిది ఒక్కటే, ‘ఎందుకు’ అన్న దానికి జవాబు. ఎందుకీ సెన్సర్, ఎందుకీ చోటు, ఎందుకీ వైరు? కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్న దగ్గరే కూలిపోతుంది. అప్పుడు పోయేది కట్టిన డబ్బు కాదు, మీ మాట మీద ఎదుటివాళ్ల నమ్మకం.

నాలుగు ఆదివారాలు చాలు

ట్రక్కు అక్కర్లేదు. ఒక కె టైప్ ప్రోబ్, మ్యాక్స్6675 చిప్ ఉన్న చిన్న బోర్డు, ఒక ఆర్డినో. కొన్ని వందల రూపాయల పని, ఇద్దరు ముగ్గురు కలిస్తే ఇంకా తక్కువ.

మొదటి ఆదివారం: కలపండి, అంకె రప్పించండి. ఆ చిప్ 12 బిట్లు ఇస్తుంది, ఒక్కో మెట్టు పావు డిగ్రీ. మరి ఎక్కువలో ఎక్కువ ఎంత చూపగలదో డేటాషీట్ చూడకుండా లెక్కగట్టండి.

రెండో ఆదివారం: నమ్మకం పరీక్ష. గ్లాసులో మంచు ముక్కలు దంచి కొద్దిగా నీళ్లు పోయండి. సున్నా దగ్గర చూపాలి. తర్వాత మరిగే నీళ్లు. వైజాగ్‌లో 100 దగ్గర వస్తుంది. హైదరాబాద్‌లో 98 దరిదాపు వస్తే సెన్సర్‌ను తిట్టకండి. ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, నీళ్లే అక్కడ ముందుగా మరుగుతాయి. ఈ రెండు చోట్ల సరిపోయినంత మాత్రాన 700 దగ్గర సరిపోతుందని అర్థం కాదని కూడా రాసుకోండి. దానికి కాలిబ్రేషన్ ల్యాబ్ కావాలి.

మూడో ఆదివారం: కావాలనే తప్పు చేయండి. ప్రోబ్ తీగకు రాగి వైరు కలిపి, ఆ అతుకును గోరువెచ్చగా చేయండి. అంకె ఎటు జరుగుతుందో, ఎంత జరుగుతుందో రాయండి. ప్లస్, మైనస్ మార్చి చూడండి. ప్రోబ్‌ను వేడి నీళ్లలో ముంచి అంకె నిలబడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి.

నాలుగో ఆదివారం: రెండు పేజీలు రాయండి, తెలుగులోనైనా సరే. ఏం కొలిచాను, ఎలా నమ్మాను, ఎక్కడ నమ్మను. మీ ఊళ్లో డీజిల్ పంపు మెకానిక్ అన్నయ్య ఎవరైనా ఉంటే ఆయన దగ్గర ఒక పూట కూర్చోండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పొగ రంగు చూసి రోగం చెప్పేవాళ్లున్నారు. ఆయనకు తెలిసిన దానికి మీ అంకె తోడైతే ఇద్దరికీ లాభమే. డిగ్రీ, డిప్లొమా అయిపోయిన వాళ్లు నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్ కోసం పేరు నమోదు చేసుకోండి. ఏడాది పాటు స్టైపెండ్‌తో షాప్ ఫ్లోర్ చూసే అవకాశం అది.

అప్పుడు రెజ్యూమెలో ‘సెన్సర్లపై పరిజ్ఞానం’ అన్న లైను కొట్టేసి, ఇలా రాయండి: ‘కె టైప్ థర్మోకపుల్ రీడర్ తయారుచేసి మంచు, మరుగు నీటి దగ్గర సరిచూశాను, తప్పు వైరు వల్ల వచ్చే తేడాను కొలిచాను’. మొదటి లైను ఎవరైనా రాయొచ్చు. రెండోది చేసినవాళ్లే రాయగలరు. ఇంటర్వ్యూ చేసే మనిషి ఆ లైను మీద వేలు పెట్టి ‘ఎంత తేడా వచ్చింది?’ అని అడిగితే మీ నోట్‌బుక్‌లో ఉన్న అంకె చెప్పండి. ‘ఆ అంకెను ఎందుకు నమ్మాలి?’ అని తిరిగి అడిగితే, ఇక మాట్లాడాల్సింది మీరే.